రోజుకు 17 సెకన్లు ముందుకు: సర్టిఫికెట్ ఉన్న ఒక వాచీ కథ

సంక్రాంతికి వారం ముందు ఇద్దరు అన్నదమ్ములు నా దగ్గరికి వచ్చారు. వాళ్ల నాన్నగారి హెచ్‌ఎంటీని ఇరవై ఏళ్లు సర్వీసింగ్ చేసింది నేనే, అందుకే ఇద్దరూ నన్ను అంకుల్ అనే పిలుస్తారు. అన్నది డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పండక్కి వచ్చాడు. తమ్ముడికి బాలానగర్‌లో మోటార్లు రివైండింగ్ చేసే వర్క్‌షాపు ఉంది.

అన్న చేతికి మూడేళ్ల కిందట కొత్తగా కొన్న స్విస్ ఆటోమేటిక్ వాచీ. దాంతోపాటు ప్లాస్టిక్ కవర్‌లో ఒక కార్డు కూడా జాగ్రత్తగా తెచ్చాడు. ఇది సర్టిఫైడ్ క్రోనోమీటర్, అంటే కచ్చితత్వ పరీక్ష పాసైనది అని దాని మీద ఉంది, కింద మూవ్‌మెంట్ (వాచీ లోపలి యంత్రం) నంబర్ ఉంది.

"రోజుకు మైనస్ నాలుగు నుంచి ప్లస్ ఆరు సెకన్ల లోపే ఉంటుందని చెప్పి అమ్మారు అంకుల్. ఇది వారానికి రెండు నిమిషాలు ముందుకు పోతోంది. ఈ కార్డుకి అర్థం ఏంటి మరి?"

తమ్ముడి బాధ వేరు. నలభయ్యో పుట్టినరోజుకి తనకు తాను ఒక మంచి వాచీ కొనుక్కోవాలనుకున్నాడు. రెండు మోడళ్ల దగ్గర ఆగిపోయాడు. ఒకటి 3 లక్షల 10 వేలు, దానికి సర్టిఫికెట్ లేదు. రెండోది 3 లక్షల 70 వేలు, దానికి ఉంది. "అన్నయ్య వాచీకి సర్టిఫికెట్ ఉండి కూడా ఇలా తిరుగుతుంటే, దానికోసం ఇంకో అరవై వేలు ఎందుకు పెట్టాలి?" అన్నాడు.

35 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, నేనూ ఏదో ఒక మాట చెప్పి పంపిస్తుంటాను. ఈసారి ఒకే బెంచీ మీద రెండు ప్రశ్నలూ కలిసి వచ్చాయి, కొలతలు కూడా చేతిలో ఉన్నాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

బెంచీ మీద చూసింది

తప్పు తిరుగుతోందని వాచీ తేగానే వెనక మూత తీసేయడం నాకు ఇష్టం ఉండదు. ముందు బయటి నుంచే వినాలి. క్రౌన్‌తో (పక్కనుండే కీ బొత్తాంతో) నలభై చుట్లు కీ ఇచ్చి, ఒక పావుగంట వదిలేసి, టైమ్‌గ్రాఫర్ స్టాండ్ మీద పెట్టాను. అందులో చిన్న మైక్ ఉంటుంది, టిక్ టిక్ శబ్దం విని మూడు విషయాలు చెబుతుంది: రోజుకు ఎన్ని సెకన్లు తేడా, అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిర్ణయించే బ్యాలెన్స్ వీల్ ఎంత విస్తారంగా ఊగుతోంది, టిక్‌కీ టాక్‌కీ మధ్య సమయం సమానంగా ఉందా లేదా. రెండోదాన్ని యాంప్లిట్యూడ్ అంటాం, డిగ్రీల్లో చూస్తాం. అది సరిగ్గా రావాలంటే ఆ మూవ్‌మెంట్‌కి తగిన లిఫ్ట్ యాంగిల్ (టిక్ కొట్టే సమయంలో బ్యాలెన్స్ తిరిగే కోణం) మిషన్‌లో ముందే పెట్టాలి. చాలామంది 52 దగ్గరే వదిలేసి, తప్పు యాంప్లిట్యూడ్ చూసి కంగారుపడతారు.

వచ్చిన రీడింగులు ఇవి. డయల్ పైకి పెడితే ప్లస్ 21. డయల్ కిందికి పెడితే ప్లస్ 19. నిలబెట్టి క్రౌన్ కిందికి ఉంటే ప్లస్ 14, క్రౌన్ ఎడమకు ఉంటే ప్లస్ 16, క్రౌన్ పైకి ఉంటే ప్లస్ 17. సగటు 17.4 సెకన్లు. దాన్ని ఏడుతో గుణిస్తే రెండు నిమిషాలు. ఆ అబ్బాయి లెక్క సరిగ్గానే ఉంది.

కానీ మిగతావన్నీ బాగున్నాయి. డయల్ పైకి పెట్టినప్పుడు యాంప్లిట్యూడ్ 284 డిగ్రీలు. బీట్ ఎర్రర్, అంటే టిక్‌కీ టాక్‌కీ మధ్య తేడా, 0.2 మిల్లీసెకన్లు. తెర మీద గీతలు సన్నగా, తిన్నగా పైకి పోతున్నాయి, ఎక్కడా వంకర లేదు, చుక్కలు చెదరలేదు. ఆయిల్ ఎండిపోయి ఉంటే యాంప్లిట్యూడ్ పడిపోయేది. కింద పడి, బ్యాలెన్స్‌ని ఊపే హెయిర్ స్ప్రింగ్ వంగి ఉంటే ఒక్కో పొజిషన్ ఒక్కో దారి పట్టేది. ఇక్కడ ఐదు పొజిషన్లూ కలిసికట్టుగా ముందుకు జరిగాయి. ఇంట్లో అందరికీ ఒకేసారి జ్వరం వస్తే మనుషుల్ని కాదు, తాగే నీళ్లను చూడాలి.

డ్రాయర్‌లోంచి చిన్న దిక్సూచి తీసి చెక్క బల్ల మీద పెట్టాను. వాచీని మెల్లగా దాని దగ్గరికి తెచ్చాను. సూది ముందు కొంచెం పక్కకు తిరిగింది. ఇంకాస్త దగ్గరికి, బ్యాలెన్స్ ఉన్న వైపు తిప్పి పెట్టగానే సన్నగా వణకడం మొదలెట్టింది. లోపల బ్యాలెన్స్ అటూ ఇటూ ఊగుతుంటే సూది దాంతోపాటే వణుకుతోంది. అన్నదమ్ములిద్దరూ వంగి చూశారు. తమ్ముడే ముందు పట్టేశాడు. "మ్యాగ్నెట్ పట్టింది కదా అంకుల్?"

అవును, అదే. హెయిర్ స్ప్రింగ్ అనేది వెంట్రుక కన్నా సన్నటి రేకు, చుట్టలు చుట్టలుగా ఉంటుంది. లోహానికి అయస్కాంతం పడితే ఆ చుట్టలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, కొన్ని అతుక్కుంటాయి. అప్పుడు స్ప్రింగ్ పనిచేసే పొడవు తగ్గినట్టు అవుతుంది. పొడవు తగ్గితే బ్యాలెన్స్ త్వరగా ఊగుతుంది, వాచీ ముందుకు పోతుంది.

అయస్కాంతం పోగొట్టే డీమ్యాగ్నెటైజర్ మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి, నొక్కి ఉంచే వాచీని మెల్లగా చేయి చాచినంత దూరం వెనక్కి లాగి, అప్పుడు బటన్ వదిలాను. పట్టుమని పది సెకన్ల పని. మళ్లీ టైమ్‌గ్రాఫర్. డయల్ పైకి ప్లస్ 5, కిందికి ప్లస్ 4, క్రౌన్ కిందికి మైనస్ 1, ఎడమకు ప్లస్ 2, పైకి ప్లస్ 1. సగటు 2.2 సెకన్లు. కార్డు చెప్పిన హద్దులోకి వచ్చేసింది. మూత తీయలేదు, ఒక్క స్క్రూ తిప్పలేదు.

వాచీని ఆ రోజు నా దగ్గరే ఉంచుకున్నాను. 24 గంటల తర్వాత, కీ సగం పైగా దిగిపోయిన స్థితిలో కూడా చూడాలి. డయల్ పైకి ప్లస్ 3, యాంప్లిట్యూడ్ 251. క్రౌన్ కిందికి మైనస్ 5, యాంప్లిట్యూడ్ 222. ఆరోగ్యంగా ఉన్న మూవ్‌మెంట్, ఇంకా సర్వీసింగ్‌కి టైమ్ ఉంది.

రాత్రి పడుకునేటప్పుడు వాచీ ఎక్కడ పెడతావని అడిగాను. "ట్యాబ్ కవర్ మీద అంకుల్. మెత్తగా ఉంటుంది, గీతలు పడవు అని." ఆ కవర్ మూసుకుని ఉండటానికి లోపల అయస్కాంతాలు ఉంటాయి. మూడేళ్లుగా రోజుకు ఏడెనిమిది గంటలు వాచీ వాటి మీదే పడుకుంది.

ఆ కార్డు ఏం చెబుతుంది

ఆ కార్డు అబద్ధం చెప్పలేదు. అడగని ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు, అంతే.

స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థను అందరూ కోస్క్ అంటారు. 1973లో మొదలైంది. ఐఎస్‌ఓ 3159 అనే ప్రమాణం ప్రకారం పరీక్ష చేస్తుంది. ఒక్కో మూవ్‌మెంట్‌ని 15 రోజులు, ఐదు పొజిషన్లలో, 8, 23, 38 డిగ్రీల ఉష్ణోగ్రతల్లో నడిపి, రోజూ కొలుస్తారు. మామూలు సైజు మూవ్‌మెంట్ సగటు రోజుకు మైనస్ 4, ప్లస్ 6 మధ్య ఉండాలి. ఆ సగటు కూడా మొదటి పది రోజులది, 23 డిగ్రీల దగ్గర తీసినది.

ఇక్కడ గమనించాల్సింది, వాళ్లు పరీక్షించేది వాచీని కాదు, కేసులో (బయటి డబ్బాలో) పెట్టని మూవ్‌మెంట్‌ని. అది తర్వాత కంపెనీకి వెళ్లి, డయల్, ముళ్లు, కేసు బిగించుకుని, పెట్టెలో పడి, విమానం ఎక్కి, షోరూముకి వచ్చి, అక్కడ కొన్ని నెలలు కూర్చుని, అప్పుడు మన చేతికి వస్తుంది.

ఇది చెబుతుంటే తమ్ముడు నవ్వి, "అంటే నో-లోడ్ టెస్ట్ అన్నమాట" అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను. మోటారు రివైండ్ చేశాక బెంచీ మీద ఖాళీగా తిప్పి చూస్తారు. అందులో ఫెయిల్ అయితే బయటికి పంపరు. పాస్ అయినంత మాత్రాన పొలంలో బోరుకు బిగించాక, ఓల్టేజీ పడిపోయిన మధ్యాహ్నం ఎలా నడుస్తుందో ఆ టెస్టు చెప్పదు. అలాగని ఆ టెస్టు దండగ అని ఏ మోటారు మెకానిక్కూ అనడు.

నా అభిప్రాయంలో కోస్క్ పరీక్షలో విలువైన భాగం అందరూ చెప్పుకునే మైనస్ 4, ప్లస్ 6 కాదు. దాని కింద ఇంకో ఆరు షరతులు ఉన్నాయి. రోజుకూ రోజుకూ మధ్య మార్పు సగటున 2 సెకన్లు దాటకూడదు. ఏ పొజిషన్‌లోనూ రెండు రోజుల మధ్య తేడా 5 సెకన్లకు మించకూడదు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే రేటు (రోజుకు తప్పే సెకన్లు) 0.6 సెకన్ల కన్నా ఎక్కువ మారకూడదు. చివరి రోజు నడక మొదటి రెండు రోజుల నడకకు దగ్గరగా ఉండాలి. ఇవన్నీ నిలకడను కొలిచేవి.

నిలకడ ఎందుకు ముఖ్యమో బెంచీ మీద కూర్చున్నవాడికి తెలుస్తుంది. రోజూ తప్పకుండా ప్లస్ 8 తిరిగే వాచీ నా దగ్గరికి వస్తే పది నిమిషాల్లో రెగ్యులేట్ చేసి (వేగం సర్ది) ప్లస్ 1కి తెస్తాను. ఇవాళ ప్లస్ 7, రేపు మైనస్ 6 తిరిగే వాచీ సగటు సున్నా దగ్గరే ఉంటుంది, కానీ దాన్ని రెగ్యులేట్ చేయడానికి ఏమీ ఉండదు. విప్పాలి, కడగాలి, పివట్లు (చక్రాల ఇరుసు కొనలు) చూడాలి, హెయిర్ స్ప్రింగ్ చూడాలి. మొదటిదాన్ని చూసి జనం కంప్లయింట్ చేస్తారు, రెండోదాన్ని చూసి మెచ్చుకుంటారు. నాకు మొదటిదే నచ్చుతుంది.

సెకన్ల మీద ఇంత పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. పాతకాలంలో ఓడ మీద దారి లెక్కకు వాడే క్రోనోమీటర్ 4 సెకన్లు తప్పితే, భూమధ్యరేఖ దగ్గర ఓడ ఎక్కడుందన్న లెక్క ఒక నాటికల్ మైలు తప్పుతుంది. దాదాపు 1.85 కిలోమీటర్లు. ఆ రోజుల్లో సర్టిఫికెట్ అంటే ప్రాణాలకు సంబంధించిన కాగితం. తర్వాత అబ్జర్వేటరీల్లో (నక్షత్రాలను చూసే కేంద్రాల్లో) వాచీల కచ్చితత్వానికి పోటీలు పెట్టేవారు. 1968లో జెనీవా అబ్జర్వేటరీ పోటీలో మెకానికల్ వాచీల్లో ముందు నిలిచినవి సీకోవి, స్విస్ ఊళ్లో జపాన్ పనితనం. ఆ కాలం పోయింది. ఇవాళ వెయ్యి రూపాయల క్వార్ట్జ్ వాచీ కూడా నెలకు 15, 20 సెకన్ల లోపే తప్పుతుంది. మెకానికల్ వాచీలో కచ్చితత్వం అంటే ఇప్పుడు పనితనానికి కొలత. నాకైతే అది చిన్న విషయం కాదు. రోజుకు 86,400 సెకన్లు, సెకనుకు ఎనిమిది టిక్కులు, స్ప్రింగులూ పళ్ల చక్రాలూ తప్ప ఇంకేమీ లేకుండా ఐదు సెకన్ల లోపు నిలబడటం చూస్తే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఆనందమే.

కోస్క్ ఒక్కటే ఉందనుకోకండి. రోలెక్స్ తన మూవ్‌మెంట్‌లను కోస్క్‌కి పంపాక, కేసులో బిగించిన వాచీని మళ్లీ తానే పరీక్షించి రోజుకు మైనస్ 2, ప్లస్ 2 లోపు ఉందని చెబుతుంది. ఒమేగా 2015 నుంచి స్విస్ ప్రభుత్వ కొలతల సంస్థ మెటాస్‌తో కలిసి మాస్టర్ క్రోనోమీటర్ పరీక్ష చేయిస్తోంది. కోస్క్ పాసయ్యాక, మొత్తం వాచీని పరీక్షిస్తారు. రోజుకు 0 నుంచి ప్లస్ 5, పైగా 15,000 గాస్ అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకోవాలి. గ్రాండ్ సీకోకి స్విస్ సర్టిఫికెట్ ఏదీ లేదు, కానీ ఆరు పొజిషన్లలో 17 రోజులు సొంతంగా పరీక్షించుకుని మైనస్ 3, ప్లస్ 5 పెట్టుకుంది. పేరు చూసి ఆగిపోకుండా, ఆ పరీక్షలో ఏమేం కొలిచారో చూడాలి.

అన్న కార్డు విషయానికొస్తే, ఐఎస్‌ఓ 3159లో అయస్కాంతం పరీక్షే లేదు. ఆ వాచీ పడ్డ జబ్బు ఆ పరీక్ష సిలబస్‌లోనే లేదు.

తమ్ముడి వాచీ

ఇక అరవై వేల ప్రశ్న. నేను అతన్ని మూడు విషయాలు కనుక్కోమన్నాను. రెండు మోడళ్లలోనూ హెయిర్ స్ప్రింగ్ దేనితో చేశారు? వారంటీలో ఎన్ని సెకన్ల తేడా వస్తే ఉచితంగా రెగ్యులేట్ చేసిస్తారు? కొనబోయే పీసునే టైమ్‌గ్రాఫర్ మీద పెట్టి చూపిస్తారా? మూడోది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. మూడు లక్షలు పెడుతున్నప్పుడు మొహమాటం దేనికి? ఆ షోరూములో సర్వీస్ కౌంటర్ ఉంది, అడగ్గానే పెట్టి చూపించారు. నేను కూడా వెంట వెళ్లాను.

సర్టిఫికెట్ ఉన్న పీసు సగటు ప్లస్ 1. చాలా బాగుంది. ఎక్కువ ప్లస్ 4, తక్కువ మైనస్ 3, అంటే పొజిషన్ల మధ్య 7 సెకన్ల తేడా. లేని పీసు సగటు ప్లస్ 4, ఎక్కువ ప్లస్ 6, తక్కువ ప్లస్ 2. తేడా 4 సెకన్లే. ఒక్కో పీసు చూసి మొత్తం మోడల్ గురించి తీర్పు చెప్పకూడదు, నేనూ చెప్పడం లేదు. కానీ కొనేది మోడల్‌ని కాదు, ఆ ఒక్క పీసునే కదా.

మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబే నిర్ణయం చేసింది. సర్టిఫికెట్ ఉన్నదాంట్లో మామూలు లోహపు హెయిర్ స్ప్రింగ్. లేనిదాంట్లో సిలికాన్. సిలికాన్‌కి అయస్కాంతం పట్టదు. రోజంతా మోటార్ల మధ్య, పర్మనెంట్ మ్యాగ్నెట్ రోటర్లు చేత్తో పట్టుకుని తిరిగే మనిషికి ఏది కావాలో అడగక్కర్లేదు. మిగతా ఉక్కు భాగాలకు కొంత పట్టవచ్చు, కానీ రేటును తారుమారు చేసే భాగం మాత్రం తప్పించుకుంటుంది. మెటాస్ పరీక్ష పాసైన వాచీ అయితే ఇంకా నిశ్చింత, కానీ అతను చూసినవి బడ్జెట్ దాటిపోయాయి.

ఇదే ప్రశ్న ఒక ఆడిటరో, లెక్చరరో అడిగి ఉంటే సర్టిఫికెట్ ఉన్నదే తీసుకోమనేవాణ్ణి, తేడా అరవై వేలు కాకుండా పాతికవేలే అయితే. ఎందుకంటే సర్టిఫికెట్ ఒక విషయం గట్టిగా చెబుతుంది: లోపల ఉన్నది మంచి గ్రేడ్ మూవ్‌మెంట్ అని. ఈటీఏ 2824-2 అనే ఒకే మూవ్‌మెంట్ స్టాండర్డ్, ఎలబోరే, టాప్, క్రోనోమీటర్ అని నాలుగు గ్రేడుల్లో వస్తుంది. స్టాండర్డ్‌ని రెండు పొజిషన్లలో, టాప్‌ని ఐదు పొజిషన్లలో సర్దుతారు, బ్యాలెన్స్, హెయిర్ స్ప్రింగ్ కూడా మెరుగైనవి వేస్తారు. ఏ గ్రేడ్ వేశారో చాలా బ్రాండ్లు డయల్ మీద రాయవు. సర్టిఫికెట్ ఉంటే ఆ అనుమానం ఉండదు. మూవ్‌మెంట్ మంచిదైతే పదేళ్ల తర్వాత నాలాంటివాడు సర్వీసింగ్ చేసినా అది మళ్లీ ఆ స్థాయికి వస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు మాత్రం కాగితం చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దని చెబుతాను. పదేళ్ల కిందటి 15 రోజుల పరీక్ష అది. మధ్యలో ఎవరు విప్పారో, ఏ ఆయిల్ పోశారో దానికి తెలియదు. ఒకసారి ఒక అమ్మాయి తన భర్తకు బహుమతిగా కొనబోతున్న పాత వాచీ నాకు చూపించడానికి తెచ్చింది. కార్డు అసలుదే, బాక్సు అసలుదే. మూత తీసి లూప్‌తో (కంటికి పెట్టుకునే భూతద్దంతో) చూస్తే మూవ్‌మెంట్ మీద నంబర్ వేరు, కార్డు మీద నంబర్ వేరు. ఎప్పుడో లోపలి మూవ్‌మెంటే మార్చేశారు. ఆ అమ్మాయి మొహం చూసి నాకు చాలా బాధేసింది. అడ్వాన్సు మాత్రం వెనక్కి వచ్చింది. పాతది కొంటే మూత తీయించి నంబర్ సరిపోల్చుకోవాలి, ఆరు పొజిషన్లలో రీడింగ్ తీయించుకోవాలి. ఆ చిన్న ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

నెల తర్వాత

అన్న డాలస్ వెళ్లి రోజూ ఉదయం ఎనిమిదింటికి ఫోన్ టైమ్‌తో సరిచూసి రాసిపెట్టాడు. 28 రోజులకు మొత్తం 68 సెకన్లు ముందుకు, రోజుకు సగటున 2.4. బెంచీ మీద వచ్చిన 2.2కి ఎంత దగ్గరగా ఉందో చూడండి. రాత్రిపూట డయల్ పైకి కాకుండా క్రౌన్ కిందికి వచ్చేలా నిలబెట్టి పడుకోబెడితే ఒకటిన్నర సెకన్లు తగ్గుతోందని అతనే కనిపెట్టాడు. క్రౌన్ కిందికి ఉన్నప్పుడు ఆ వాచీ వెనక్కి నడుస్తుంది కాబట్టి పగలు పెరిగింది రాత్రి సర్దుకుంటోంది. ఇలాంటి చిన్న చిన్న సర్దుబాట్లు వాచీ పెట్టుకునేవాళ్లే చేసుకోవచ్చు, నా దగ్గరికి రానక్కర్లేదు.

ఏప్రిల్‌లో మళ్లీ మెసేజ్. "అంకుల్, నాలుగు రోజుల నుంచి రోజుకు 12." ట్యాబ్ కవర్ మానేశాడు, కానీ ఆఫీసులో ఫోన్ కోసం కొత్తగా మ్యాగ్నెట్ చార్జింగ్ స్టాండ్ పెట్టుకున్నాడు, టైపింగ్ చేసేటప్పుడు వాచీ తీసి దాని పక్కనే పెడుతున్నాడు. అక్కడే చిన్న డీమ్యాగ్నెటైజర్ కొనుక్కోమన్నాను. కొన్నాడు, పదిహేను నిమిషాల్లో సరిచేసుకున్నాడు, ఫోటో కూడా పంపాడు.

తమ్ముడి వాచీ ఐదు నెలలుగా రోజుకు ప్లస్ 4, ఎప్పుడైనా ప్లస్ 5. కావాలంటే ప్లస్ 1కి తెస్తానన్నాను, వద్దన్నాడు, నెలకోసారి రెండు నిమిషాలు వెనక్కి తిప్పుకోవడం తనకు అలవాటైపోయిందట. సిలికాన్ అయినా సరే, వర్క్‌షాపు గేటు పక్కన గోడకు ఒక చెక్క పెట్టె కొట్టించాడు. రోటర్ విప్పే ముందు వాచీ తీసి అందులో పెట్టి, చేతులు కడుక్కున్నాకే మళ్లీ పెట్టుకుంటున్నాడు.